నల్లుల కంటే ముందు అత్తమ్మ కాలు చూడండి

అమ్మా, హనుమకొండ నుంచి మీరు రాసిన ప్రశ్న ఆసాంతం చదివాను. మిగతావారికి కూడా అర్థం కావాలి కాబట్టి మీ పరిస్థితిని ముందు క్లుప్తంగా చెబుతాను. రెండు గదుల అద్దె ఇల్లు. ఈ ఏడాది కొన్న పాత చెక్క మంచం. జూలై నుంచి రాత్రుళ్లు ఇంటిల్లిపాదికీ దురద. మీవారికి చేతుల మీద, మెడ మీద దద్దుర్లు. గురుకులంలో చదివే బాబు వేసవి సెలవులకు వచ్చి వెళ్లాక పాప వేళ్ల సందుల్లో, నడుము దగ్గర గోక్కుంటూనే ఉంది. మందుల దుకాణంలో ఇచ్చిన క్రీము రాస్తే తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. మంచం సందుల్లో నల్లులు కనిపించాయి. బియ్యంలో, గోధుమల్లో వేసే మాత్రలు గదిలో పెట్టి తలుపులు మూయమని పక్కింటివారు సలహా ఇచ్చారు. ఇంత రాశాక చివర ఒక్క వాక్యం: అత్తమ్మ కాలి బొటనవేలికి ఏదో కరిచింది, నొప్పి లేదంటోంది, మూడు వారాలైనా మానలేదు, ఆసుపత్రికి రానంటోంది.

నేను డాక్టరును కాను. వరంగల్ చుట్టుపక్కల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఆరోగ్య పర్యవేక్షకురాలిగా పనిచేసి రిటైరయ్యాను. ఇల్లిల్లూ తిరిగే ఉద్యోగం కాబట్టి మంచాలూ చూశాను, మంచాన పడ్డవారినీ చూశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: మీరు చివర రాసిన వాక్యమే మొదట రావలసింది. నల్లులు నిద్ర చెడగొడతాయి, మనిషిని విసిగిస్తాయి. అయితే వాటి కాటు వల్ల మనుషులకు జబ్బులు అంటుకుంటాయని ఇప్పటివరకు రుజువు కాలేదు. వాటిని వదిలించడానికి రెండు నెలలు పట్టినా ఇల్లు ఎక్కడికీ పోదు. ఆ వేలికి అంత గడువు లేదు.

ఎప్పుడు కరిచిందో తెలియదు, నొప్పి లేదు, మానడం లేదు. ఈ మూడూ కలిసి కనిపిస్తే ముందుగా అనుమానించవలసింది షుగర్ వ్యాధిని. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే పాదాల్లోని నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గిపోతుంది. అలాంటి పాదాన్ని నిద్రలో ఎలుక కొరికినా, చీమలు పట్టినా మెలకువ రాదు. పొద్దున్నే దుప్పటి మీద నెత్తురు మరక చూసి ఏదో కుట్టిందిలే అనుకుంటారు. వానాకాలంలో ఎలుకలు మురుగు కాలువల నుంచి, నీరు చేరిన బొరియల నుంచి ఇళ్లలోకి వస్తాయి. నేల మీద చాప పరుచుకుని పడుకునే పెద్దవారి కాలివేళ్లు, మడమలు వాటికి సులువుగా అందుతాయి. నల్లి కుట్టిన చోట దద్దురు లేచి, గోకి పుండు చేసుకోకపోతే వారం పది రోజుల్లో అణిగిపోతుంది. మూడు వారాలుగా మానని పుండును నల్లుల ఖాతాలో వేయకండి.

ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. అత్తమ్మను కళ్లు మూసుకోమనండి. మీ చూపుడు వేలి కొనతో ఆమె రెండు పాదాల బొటనవేళ్లు, మధ్య వేళ్లు, చిటికెన వేళ్ల కొసలను ఒక్కొక్కటిగా, నొక్కకుండా, ఒకటి రెండు సెకన్లు తాకండి. పుండు ఉన్న చోట తాకవద్దు. తాకినప్పుడల్లా చెప్పమనండి. ఈ ఆరు చోట్లలో రెండు చోట్ల తెలియకపోయినా పాదాల్లో స్పర్శ తగ్గిందనే అనుకోవాలి. అన్నీ తెలిసినా సరే, మూడు వారాల పుండు కాబట్టి డాక్టరుకు చూపించవలసిందే. మీ దగ్గరలోని బస్తీ దవాఖానాలో షుగర్ పరీక్ష చేస్తారు. 30 ఏళ్లు దాటినవారికి బీపీ, షుగర్ పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. పరగడుపున చేసిన పరీక్షలో 126 లేదా అంతకు మించి వచ్చినా, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.5 లేదా అంతకు మించి వచ్చినా షుగర్ ఉన్నట్టు లెక్క. నిర్ధారణకు ఇంకోసారి పరీక్ష చేయవచ్చు, అది డాక్టరు చెబుతారు. ఎలుక కరిచి ఉండవచ్చని తప్పకుండా చెప్పండి. ధనుర్వాతం రాకుండా ఇంజెక్షన్ కావాలా, ఇంకేమైనా అవసరమా అన్నది దాన్ని బట్టి వాళ్లు నిర్ణయిస్తారు.

వేలు నల్లబడినా, వాసన వచ్చినా, ఎరుపు పాదం మీదికి పాకినా, జ్వరం వచ్చినా బస్తీ దవాఖానా తెరిచేదాకా ఆగకండి. రాత్రయినా సరే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.

అప్పటిదాకా పుండును శుభ్రమైన నీటితో కడిగి, వేళ్ల సందుల్లో తడి లేకుండా ఒత్తి, శుభ్రమైన పొడి గుడ్డ కట్టండి. పసుపు, సున్నం, పొగాకు, ఆకు పసర్లు పెట్టకండి. వేడినీళ్ల కాపడం అసలు వద్దు. స్పర్శ లేని కాలికి వేడి తెలియదు, చర్మం కాలి బొబ్బలెక్కి ఒక పుండు పక్కన రెండో పుండు తయారవుతుంది. ఆమెను ఈ రాత్రి నుంచే నేల మీద పడుకోనివ్వకండి. మంచం మీద దోమతెర కట్టి అంచులు పరుపు కిందికి దోపండి, కాళ్లకు నూలు మేజోళ్లు తొడగండి. రాత్రిపూట అన్నం గిన్నెలు కడగకుండా ఉంచకండి. తలుపు కింది సందు, గొట్టాలు వెళ్లే కంతలు ఉంటే ఇనుప పీచు కుక్కి సిమెంటుతో మూయించండి. ఎలుకల కోసం ముద్దలా అమ్మే విషం మాత్రం తేవద్దు. అలాంటి వాటిలో పసుపు భాస్వరం ఉంటుంది, అది కాలేయాన్ని దెబ్బతీసి ప్రాణం తీస్తుంది. పాప తిరిగే ఇల్లు మీది. బోను చాలు.

అత్తమ్మ ఆసుపత్రికి రానంటోందని రాశారు. ఎందుకని అడిగారా? నేను తిరిగిన ఊళ్లలో పెద్దవారు బయటికి చెప్పే కారణం ఒకటి, లోపల ఉన్నది మరొకటి. 'ఈ వయసులో నాకెందుకు పరీక్షలు' అంటారు. లోపల ఉన్నది కాలు తీసేస్తారన్న భయం, కొడుకుకు ఖర్చన్న దిగులు. పక్క వీధిలో ఎవరో ఆసుపత్రికి వెళ్లి వేలు పోగొట్టుకుని వచ్చి ఉంటారు, అది ఆమె మనసులో పడి ఉంటుంది. ఆ మనిషి ఎన్ని వారాలు ఇంట్లో దాచుకుని వెళ్లాడో ఎవరూ చెప్పరు. వేళ్లు, పాదాలు తీసేయవలసి వచ్చేది ఎక్కువగా ఆలస్యంగా వచ్చినవారికే. తొలిరోజుల్లో వెళ్తే చాలా పుండ్లు శుభ్రం చేయడంతో, మందులతో, కాలి మీద బరువు పడకుండా చూసుకోవడంతో మానిపోతాయి. ఈ మాట ఆమెకు మీరు చెప్పడం కంటే మీ కాలనీలో తిరిగే ఆశా కార్యకర్తతో చెప్పించండి. కోడలు చెబితే పోరు పెడుతున్నట్టు ఉంటుంది, బయటి మనిషి పక్కన కూర్చుని చెబితే వింటారు. పరీక్షకు వెళ్లేటప్పుడు మీవారు కూడా అక్కడే షుగర్ పరీక్ష చేయించుకోవాలి. తల్లికి ఉంటే కొడుక్కి వచ్చే అవకాశం ఎక్కువ. పైగా కొడుకు కూడా చేయించుకుంటున్నాడంటే ఆమెకు అది తనకు పడిన శిక్షలా అనిపించదు.

ఇప్పుడు ఆ మాత్రల సంగతి. పెట్టకండి. ఇంట్లో ఉంటే ఈరోజే బయటికి పంపించండి. ధాన్యంలో పురుగు పట్టకుండా వేసే ఆ మాత్ర అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలోని తేమ తగలగానే అందులోంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. దానికి విరుగుడు లేదు. తలుపులు మూసినంత మాత్రాన అది ఆ గదిలోనే ఆగదు. గోడ పగుళ్ల నుంచి, తలుపుల కింద నుంచి పక్క గదికి, పక్క వాటాకు కూడా పోతుంది. నల్లుల కోసం ఈ మాత్రలు పెట్టి, రాత్రికి పక్క గదిలో పడుకున్న పిల్లలు తెల్లవారేసరికి ప్రాణాలు పోగొట్టుకున్న ఘటనలు మన దేశంలో జరిగాయి. మీ పక్కింటివారు మంచి మనసుతోనే చెప్పి ఉంటారు. వాళ్లకూ ఈ విషయం చెప్పండి. పత్తి చేనుకు కొట్టే మందులు కూడా అంతే. మన జిల్లాల్లో పత్తి మందు డబ్బా లేని రైతు ఇల్లు తక్కువ. ఊరి నుంచి చుట్టాలు ఎవరో కాస్త తెచ్చిస్తారు, పరుపు మీద చల్లుతారు. చేనులో కొట్టి ఇంటికి వచ్చేసే మందుకూ, ముక్కు ఆనించి ఎనిమిది గంటలు పడుకునే పరుపు మీది మందుకూ చాలా తేడా ఉంది. కిరోసిన్ వద్దు, నిప్పు అంటుకుంటుంది.

పాప విషయానికి వస్తాను. దురద అందరికీ ఉంది కాబట్టి కారణం ఒకటే అనుకుంటున్నారు. మీరు రాసిన గుర్తులు చూస్తే రెండు వేరువేరు సమస్యలు ఒకే ఇంట్లో చేరినట్టు ఉంది. నల్లి బట్ట కప్పని చోట కుడుతుంది: చేతులు, మెడ, ముఖం. తరచుగా రెండు మూడు దద్దుర్లు వరుసగా లేస్తాయి. మీవారికి ఉన్నది అదే. పాప గోక్కుంటున్న చోట్లు వేళ్ల సందులు, నడుము. మణికట్టు, చంకలు, బొడ్డు చుట్టూ, తొడల సందుల్లో కూడా చూడండి. చిన్న చిన్న పొక్కులు, సన్నటి గీతలు ఉండి, రాత్రి పక్క ఎక్కగానే దురద పెరుగుతుంటే అది చాలావరకు గజ్జి. కంటికి కనిపించనంత చిన్న పురుగు చర్మం పై పొరలోనే సొరంగం తవ్వుకుని గుడ్లు పెడుతుంది. మొదటిసారి సోకినప్పుడు దురద మొదలవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. బాబు వేసవిలో వచ్చి వెళ్లడం, పాపకు జూలైలో మొదలవడం ఆ లెక్కకు సరిపోతున్నాయి. గజ్జి అనగానే మన దగ్గర శుభ్రత లేని ఇల్లన్న నింద వస్తుంది, అందుకే చాలామంది దాస్తారు. రోజుకు రెండు పూటలా స్నానం చేసే పిల్లలకూ వస్తుంది. పక్కపక్కనే పడుకోవడం, చేతులు పట్టుకుని ఆడుకోవడం చాలు.

దుకాణంలో ఇచ్చిన క్రీము గొట్టం మీద చిన్న అక్షరాల్లో ఏముందో చదవండి. క్లోబెటసాల్, బెటామెథసోన్ వంటి పేర్లు ఉంటే అవి స్టెరాయిడ్లు. దురదను, ఎరుపును అణిచివేస్తాయి కాబట్టి నాలుగు రోజులు హాయిగా ఉంటుంది. పురుగు మాత్రం చావదు. ఆపగానే మళ్లీ వస్తుంది, ఈసారి చూసిన డాక్టరుకు కూడా గుర్తుపట్టడం కష్టమయ్యేలా రూపం మారి వస్తుంది. తామరకు ఇదే క్రీము పూసి పూసి ఒళ్లంతా పాకించుకున్నవారు మన ప్రాంతంలో లెక్కలేనంత మంది. పాపకు అది వెంటనే ఆపండి.

గజ్జి అని డాక్టరు నిర్ధారిస్తే సాధారణంగా 5 శాతం పెర్మెత్రిన్ క్రీము రాసిస్తారు. దీన్ని వాడే పద్ధతిలోనే చాలా ఇళ్లలో తేడా జరుగుతుంది. దురద ఉన్న చోట మాత్రమే రాస్తారు. మెడ నుంచి అరికాళ్ల దాకా, వేళ్ల సందుల్లో, గోళ్ల కింద, బొడ్డులో, పిరుదుల మధ్య, ఒక్క అంగుళం వదలకుండా రాయాలి. రాత్రి రాసి, 8 నుంచి 14 గంటలు ఉంచి, పొద్దున స్నానం చేయించాలి. మధ్యలో చేతులు కడిగితే చేతులకు మళ్లీ రాయాలి. వారం తర్వాత ఇదంతా ఇంకోసారి. దురద లేనివారు కూడా, ఇంట్లో అందరూ, ఒకే రాత్రి రాసుకోవాలి. మీవారు నాకు లేదుగా అంటే పాపకు మళ్లీ ఆయన నుంచే రావచ్చు. మీరు గర్భంతో ఉన్నా, ఇంట్లో రెండు నెలల లోపు బిడ్డ ఉన్నా ముందే డాక్టరుకు చెప్పండి. ఆ రోజే అందరి బట్టలు, దుప్పట్లు వేడి నీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. ఉతకలేనివి పాలిథిన్ సంచిలో గట్టిగా కట్టి వారం పక్కన పెట్టండి. మనిషి ఒంటి మీద నుంచి దూరమైతే ఆ పురుగు సాధారణంగా రెండు మూడు రోజులకు మించి బతకదు. మందు సరిగ్గా పని చేసినా దురద ఇంకో రెండు నుంచి నాలుగు వారాలు ఉంటుంది. మందు పని చేయలేదనుకుని రోజూ పూయకండి.

గజ్జిని ఏముందిలే అని వదిలేయకూడదనడానికి ఇంకో కారణం ఉంది. గోకిన పొక్కుల్లో చీము చేరితే, ఆ సూక్ష్మక్రిముల ప్రభావం కొన్ని వారాల తర్వాత పిల్లల మూత్రపిండాల మీద పడవచ్చు. పొద్దున లేచేసరికి ముఖం, కళ్ల కింద ఉబ్బు, మూత్రం టీ డికాక్షన్ రంగులో రావడం, మూత్రం తగ్గడం కనిపిస్తే అదే రోజు పిల్లల డాక్టరుకు చూపించాలి. ఇలా ముఖం ఉబ్బిన పిల్లలను తల్లులు 'నిద్ర ఎక్కువైంది' అనుకుంటూ నాలుగు రోజులు ఉంచుకోవడం నేను చూశాను. చర్మం మీద మొదలైన దానికీ మూత్రానికీ సంబంధం ఉంటుందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఇక నల్లులు. పెద్ద నల్లి 5 మిల్లీమీటర్ల పొడవు, చదునుగా, గోధుమ రంగులో ఉంటుంది. గుడ్డు తెల్లగా మిల్లీమీటరు. గుడ్లు 6 నుంచి 10 రోజుల్లో పిల్లలవుతాయి, పిల్ల పెద్దదయ్యేలోగా ఐదుసార్లు కుబుసం విడుస్తుంది, ప్రతిసారీ దానికి నెత్తురు కావాలి. తిండి లేకుండా నెలల తరబడి బతకగలదు. అందుకే పది రోజులు ఇల్లు తాళం వేసి ఊరెళ్లి వస్తే చచ్చిపోతాయనే ఆశ పెట్టుకోకండి. మామూలుగా దుకాణాల్లో దొరికే పైరెథ్రాయిడ్ స్ప్రేలకు చాలాచోట్ల నల్లులు అలవాటుపడ్డాయి. పొగలా విడిచే డబ్బాలు సందుల లోపలికి చేరవు, నల్లులు పక్క గోడలోకి జరుగుతాయంతే.

వాటికి నిజమైన శత్రువు వేడి. 50 డిగ్రీలు దాటిన వేడి సందు లోపలిదాకా తగిలితే నల్లీ చస్తుంది, గుడ్డూ చస్తుంది. మన పెద్దలు నవారు విప్పి మరిగే నీళ్లలో వేసి, మంచం కోళ్ల సందుల్లో సలసల కాగే నీళ్లు పోసేవారు. ఆ పద్ధతి సరైనదే. మీ చెక్క మంచాన్ని బోల్టులు విప్పి పట్టీలు వేరుచేయండి. పిల్లలను దూరంగా పంపి, ఆరుబయట ప్రతి సందులో, ప్రతి రంధ్రంలో మరిగే నీళ్లు పోయండి. రెండు వారాలు ఆగి మళ్లీ పోయండి, మొదటిసారి తప్పించుకున్న గుడ్లు ఈలోగా పిల్లలై ఉంటాయి. పరుపు కుట్లు, గోడకు తగిలించిన ఫొటోల వెనుక, స్విచ్ బోర్డుల అంచులు, ప్లాస్టిక్ కుర్చీల అడుగు, గడప సందులు టార్చి వేసి చూడండి. నల్లటి చుక్కలు ఉన్నచోటల్లా అవి ఉన్నట్టే. స్విచ్ బోర్డుల దగ్గర నీళ్లు వద్దు, ఎలక్ట్రీషియన్‌తో విప్పించండి. పరుపును ఊరికే ఎండలో వేస్తే పై వైపు వేడెక్కుతుంది, నల్లులు కింది వైపుకు పాకుతాయి. ఈ ఆగస్టు ఎండకు అయితే అదీ కాదు. మేలో వరంగల్‌లో 43, 44 డిగ్రీలు కాసేటప్పుడు దిండ్లు, దుప్పట్లు నల్ల పాలిథిన్ సంచుల్లో పలచగా కట్టి మిద్దె మీద రోజంతా ఉంచితే పని జరుగుతుంది. ఇప్పుడు ఉతకడం, ఉతికాక కుట్ల వెంబడి ఇస్త్రీ పెట్టడమే మార్గం.

మంచాన్ని గోడకు ఒక జానెడు దూరం జరిపి, నాలుగు కోళ్ల కింద సబ్బు నీళ్ల గిన్నెలు పెట్టండి. దుప్పటి, దోమతెర నేలకు తగలకూడదు. అదే గదిలో పడుకోవడం కొనసాగించండి. భరించలేక రెండో గదికి మారితే అవీ మీ వెంటే వస్తాయి. ఇలా రెండు విడతలు చేసినా తగ్గకపోతే పెస్ట్ కంట్రోల్ వారిని పిలవండి. ఏ మందు వాడతారు, ఎన్ని గంటలు బయట ఉండాలి, రెండు వారాల తర్వాత రెండోసారి వస్తారా అని ముందే అడగండి. రెండోసారి రానంటే వాళ్లకు డబ్బు ఇవ్వకండి. ఇంటి యజమానికి చెప్పడానికి సిగ్గుపడుతున్నామని రాశారు. పక్క వాటాలో కూడా నల్లులు ఉంటే మీరొక్కరే చేసి లాభం లేదు, కాబట్టి చెప్పి తీరాలి. ఆ మంచం పారేయాలనుకుంటే విరగ్గొట్టి పారేయండి. బాగున్న మంచాన్ని వీధిలో పెడితే ఇంకో ఇంటి ఆడమనిషి తీసుకెళ్తుంది.

మీ గురించి ఒక మాట. నల్లులు కనిపించినప్పటి నుంచి ఒంటి మీద ఏదో పాకుతున్నట్టే ఉంది, నిద్ర పట్టడం లేదు అని రాశారు. ఒంటి మీద దద్దురు లేకపోయినా అలా అనిపించడం చాలామందికి జరుగుతుంది, నల్లులు పోయాక కూడా కొన్ని వారాలు ఉంటుంది. మతి పోతోందని భయపడకండి. అయితే దద్దురే లేకుండా ఒళ్లంతా దురద నెల దాటి ఉంటే, నీరసం, ఆయాసం తోడైతే, రక్తహీనత, థైరాయిడ్, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు చేయించుకోండి. చర్మంలో తప్పు లేకుండానే వీటి వల్ల దురద రావచ్చు. అత్తమ్మతో వెళ్లే రోజే మీ రక్తమూ ఇచ్చి రండి. ఇంట్లో అందరినీ చూసుకునే మనిషి తన వంతు ఎప్పుడూ చివరికి పెట్టుకుంటుంది, మీరు అలా చేయవద్దు.

దోమల గురించి మీరు అడగలేదు కానీ ఇది ఆగస్టు. కూలరులో వేసవి నుంచి మిగిలిన నీళ్లు ఉంటే పారబోసి తుడవండి. డెంగీ దోమ పగలు కుడుతుంది, మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుంది, గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. శుక్రవారం డ్రై డే, అంటే నిల్వ నీళ్లన్నీ పారబోసి ఆరబెట్టే రోజు అని మున్సిపాలిటీ వారు చెప్పేది అందుకే. జ్వరం వస్తే పారాసెటమాల్ తప్ప వేరే నొప్పి మాత్రలు వద్దు.

బాబు గురించి మర్చిపోకండి. మీరు ఇంట్లో అందరికీ మందు రాసినా, దసరాకు వాడు హాస్టల్ నుంచి మళ్లీ తెస్తే కథ మొదటికొస్తుంది. ఈ వారమే వార్డెన్‌కు ఫోన్ చేసి, వాడితో పాటు ఆ గదిలో పడుకునే పిల్లలందరికీ ఒకేసారి చూపించి మందు ఇప్పించమని అడగండి. సెలవులకు వచ్చినప్పుడు వాడి ట్రంకు పెట్టెను, సంచిని గదిలోకి తేకుండా వాకిట్లోనే తెరిచి, బట్టలన్నీ నేరుగా వేడి నీళ్లలో వేయండి. అత్తమ్మ పరీక్షలో ఏం వచ్చిందో మాత్రం ఇక్కడ తప్పకుండా రాయండి, ఆ అంకెలు చూశాక మిగతాది చెబుతాను.